నెలనెలా డబ్బు పంపాలా, వాడి అమ్మమ్మను వెతకాలా?

ప్రశ్న: నేనూ మావారూ ఈ ఏడాదే ఉద్యోగ విరమణ చేశాం. ఒక పేద దేశంలోని అనాథాశ్రమానికి నెలనెలా డబ్బు పంపాలనీ, ఏటా రెండు వారాలు వెళ్లి పసిపిల్లలతో గడపాలనీ అనుకుంటున్నాం. వాళ్లు పంపిన వీడియోలో ఒక చంటిది వీడియో తీస్తున్న ఆవిడ మెడ వాటేసుకుని వదలలేదు. చూసి కళ్లు చెమర్చాయి. మేం వెళితే ఆ పిల్లలకు మేలేనా?
— ఒక పాఠకురాలు

జవాబు: మీరు మనసు పెట్టి అడిగారు కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెబుతాను. డబ్బు పంపండి, కానీ అది ఆశ్రమానికే పంపాలా అన్నది ముందు తేల్చుకోండి. పసివాళ్లతో గడపడానికి మాత్రం వెళ్లకండి.

పంతొమ్మిదేళ్లు పిల్లల సంరక్షణ గృహాల్లో పనిచేశాను. మొదటి ఏడాది అక్కడొక మూడేళ్ల పాప ఉండేది. గేటు చప్పుడైతే చాలు, పరుగెత్తుకొచ్చి లోపలికి ఎవరొస్తే వాళ్ల చిటికెన వేలు పట్టుకునేది. వచ్చినవాళ్లంతా మురిసిపోయేవారు. నేనూ మురిసిపోయాను. ఒకరోజు కుళాయి బాగుచేయడానికి వచ్చిన మనిషి పని ముగించుకుని వెళుతుంటే, అతని వేలు కూడా అలాగే పట్టుకుని గేటు దాటి నడిచి వెళ్లిపోయింది. ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూడలేదు. నా కాళ్లు వణికాయి. కొత్తవాళ్లు కనబడితే ఆ వయసు పిల్ల ముందు తనవాళ్ల చాటుకు చేరాలి. ఈ పిల్లకు చేరడానికి ఏ చాటూ లేదు.

రొమేనియా రాజధాని బుకారెస్ట్‌లో 2000లో మొదలైన ఒక పరిశోధన ఈ సంగతినే బయటపెట్టింది. అక్కడి శిశుగృహాల్లోని 136 మంది పసివాళ్లలో సగం మందిని చీటీ తీసినట్టు ఎంచి పెంపుడు కుటుంబాలకు పంపారు. ఇళ్లలో పెరిగినవాళ్ల తెలివితేటలూ, పెంచినవారితో అనుబంధమూ మెరుగుపడ్డాయి. రెండేళ్లు నిండకముందే ఇల్లు దొరికినవాళ్లకు ఎక్కువ మేలు జరిగింది. ఆశ్రమంలో ఆయాలు ఎంత మంచివాళ్లైనా పూటపూటకూ మారిపోతారు. మీరు రెండు వారాలు ఎత్తుకుని ముద్దుచేసి విమానం ఎక్కితే, ఆ చంటిదాన్ని వదిలి వెళ్లినవాళ్లలో మరో ఇద్దరు చేరతారు.

ఇక ‘అనాథ’ అన్న మాట దగ్గరే మనం పొరపడుతున్నాం. యూనిసెఫ్ లెక్క ప్రకారం తల్లిదండ్రుల్లో ఒక్కరు పోయినా ఆ బిడ్డ అనాథే. 2015లో అలాంటి పిల్లలు ప్రపంచంలో దాదాపు 14 కోట్ల మంది ఉంటారని అంచనా వేస్తే, ఇద్దరినీ పోగొట్టుకున్నవాళ్లు అందులో 1.51 కోట్ల మందే. వాళ్లలోనూ చాలామందిని అమ్మమ్మలో, మేనమామలో, తమకంటే నాలుగేళ్లు పెద్దయిన అక్కలో సాకుతున్నారు.

మా రిజిస్టరులో ఒక ఏడేళ్ల పిల్లవాడి పేరుకు ఎదురుగా, బంధువుల గడిలో ‘లేరు’ అని రాసింది నేనే. తీసుకొచ్చినవారు చెప్పిందే రాశాను, వాకబు చేయలేదు. మూడేళ్ల తర్వాత ఒక ముసలమ్మ వచ్చింది. వాడి ఎడమ చెవి వెనక మచ్చ ఉంటుందని చెప్పింది. ఉంది. కూతురూ అల్లుడూ పోయాక బడి ఖర్చు భరించలేక, అక్కడైతే చదువూ తిండీ దొరుకుతాయని ఎవరో అంటే నమ్మి పంపిందట. వాడు వెంటనే ఆమె దగ్గరకు వెళ్లలేదు. గుమ్మంలో నిలబడి చాలాసేపు ఆమె పాదాలవైపే చూశాడు. వాడి మీద మేం నెలనెలా పెట్టిన ఖర్చులో సగం ఆమె చేతికి అందినా వాడు ఇల్లు కదిలేవాడు కాదు. ఆ ‘లేరు’ అన్న మాట ఇప్పటికీ నన్ను నిద్రపోనివ్వదు.

కంబోడియాలో 2005 నుంచి 2010 వరకు ఐదేళ్లలో ఇలాంటి ఆశ్రమాలు 75 శాతం పెరిగాయి. అప్పట్లో అక్కడ ఉంటున్న పిల్లల్లో నూటికి డెబ్బై మందికి పైగా తల్లో తండ్రో బతికే ఉండేవారు. విదేశీ దాతలూ పర్యాటకులూ మంచి మనసుతో ఇచ్చిన డబ్బే ఆ పెరుగుదలకు ఊతమైంది. కెన్యా మరో దారి పట్టింది. అనాథ పిల్లలను సాకుతున్న నిరుపేద కుటుంబాలకే నగదు అందించే పథకాన్ని 2004లో చిన్నగా మొదలుపెట్టి విస్తరించింది. ఆ ఇళ్ల పిల్లలు హైస్కూలులో చేరడం పెరిగింది. పేదరికం ఒక్కటే కారణంగా బిడ్డను ఇంటినుంచి వేరుచేయకూడదని ఐక్యరాజ్యసమితి 2009లో ఆమోదించిన మార్గదర్శకాలూ చెబుతున్నాయి.

మీరు ఎంచుకున్న ఆశ్రమానికి ఒక ఉత్తరం రాయండి. ఎంతమంది పిల్లలకు తల్లో తండ్రో ఉన్నారు, కిందటి ఏడాది ఎంతమందిని ఇళ్లకు చేర్చారు, ఆ తర్వాత ఎవరు వెళ్లి చూసొస్తున్నారు అని అడగండి. సూటిగా జవాబిస్తే ఆ పనికే మీ డబ్బు ఇవ్వండి. దాటవేసి మరిన్ని ఫొటోలు పంపితే, కుటుంబాలకు నేరుగా అండగా నిలిచే సంస్థను వెతకండి. నిజంగా ఎవరూ లేని పిల్లలూ ఉంటారు. వాళ్లకు కావలసింది దత్తత, లేదా శిక్షణ పొందిన పెంపుడు కుటుంబం. ఇప్పటికే ఎక్కడికైనా పంపుతుంటే మాత్రం ఉన్నపళాన ఆపకండి, రేపటి భోజనం పోయేది పిల్లలకే.

ప్రశ్న: అక్కాబావా పోయాక వాళ్ల ఎనిమిదేళ్ల కొడుకు మా దగ్గరే ఉంటున్నాడు. దిండు కింద తిండి దాస్తున్నాడు. అడిగితే అబద్ధం చెబుతున్నాడు. మందలించాలా?
— ఒక పిన్ని

జవాబు: వద్దమ్మా. ఒక్కరోజులో అన్నీ పోయిన పిల్లవాడు రేపటికి జాగ్రత్త పడుతున్నాడు. దిండు కింద వెతకడం మానేయండి. మూత ఉన్న డబ్బా ఒకటి కొని, వాడి పేరు వాడి చేతనే రాయించి, మంచం పక్కన పెట్టండి. అందులో ఏముండాలో వాణ్ణే నింపుకోమనండి. ఖాళీ అయిందని వాడు చెప్పినప్పుడల్లా, ఎందుకు అయిందని అడగకుండా మళ్లీ నింపండి. కొన్ని నెలలు పట్టవచ్చు.