తుఫాను హెచ్చరిక వచ్చినా జనం ఇల్లు ఎందుకు కదలరు?

ఈ ప్రశ్నకు "చదువు లేక" అనే జవాబు విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. మాది దివిసీమ. మా మామ్మకు అక్షరం ముక్క రాదు. 1990 మే తుఫానుకు మా వీధిలో అందరికన్నా ముందు ఇల్లు దాటింది ఆవిడే.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. రేడియోలో హెచ్చరిక విన్నాక మామ్మ మూటలు కట్టలేదు, బియ్యం సర్దలేదు. తిన్నగా పశువుల పాకలోకి వెళ్లి కొడవలితో పలుపులు కోసేసింది. ముడి విప్పితే పోయేదానికి తాళ్లెందుకు పాడుచేస్తావని తాతయ్య కేకలేశాడు. "విప్పితే మళ్లీ కట్టబుద్ధవుతుంది" అంది. పాడిగేదె గుమ్మం దగ్గర కదలకుండా నిలబడితే వీపు మీద ఒక్కటి చరిచి, నా చెయ్యి పట్టుకుని తుఫాను షెల్టరు దారి పట్టింది. ఆ చేతి నిండా తుమ్మముళ్ల మచ్చలు. 1977 నవంబరు 19 రాత్రి ఉప్పెనలో ఆవిడ ప్రాణం నిలిపింది తుమ్మచెట్టే. గుంజకు కట్టిన పశువులు కట్టినచోటే పోయాయి. వాటిని విప్పడానికి వెనక్కి వెళ్లిన ఆవిడ మరిది కూడా తిరిగి రాలేదు.

జనాన్ని ఆపేది పశువు. కదిలించేది, ఒకసారి చూసినవాళ్లు ఇంట్లో ఉండటం. 1864లో మచిలీపట్నం ఉప్పెన సుమారు 30,000 మందిని మింగింది. 1977 నాటికి ఆ రాత్రి గురించి చెప్పే నోరు ఒక్కటీ మిగల్లేదు. ఆ ఏడు ఉప్పెనకు సర్కారు లెక్కలోనే దాదాపు 10,000 మంది పోయారు. 1990లో అదే తీరాన్ని తాకిన తుఫానుకు రాష్ట్రమంతటా మృతులు వెయ్యి లోపే. ముందే హెచ్చరించారు, షెల్టర్లు కట్టారు, నిజమే. కానీ వాటి దాకా మనుషుల్ని నడిపించింది మామ్మలాంటి వాళ్లేనని నా గట్టి నమ్మకం.

సాయం చేసేవాళ్లకూ ఒక మాట. దయచేసి చిరిగిన పాత బట్టలు పంపకండి. సర్వం పోయినవాడికి ఒక కొత్త పంచె ఇస్తే వాడు తలెత్తుకుని నలుగురిలోకి వస్తాడు. టార్పాలిన్లు పంపండి, పశుగ్రాసం పంపండి. గడ్డి సంగతి ఎవరికీ గుర్తుండదు.

నిరుడు ఊరికి వెళ్తే షెల్టరుకు తాళం వేసి ఉంది. తాళంచెవి ఎవరి దగ్గరుందని ముగ్గురిని అడిగాను, తెలియదన్నారు. ఉప్పెన నాటికి ఊహ తెలిసినవాళ్లు మా వీధిలో ఇప్పుడు నలుగురే ఉన్నారు.