కోపర్నికస్‌ను చూడండి, పౌర్ణమి నాడు మాత్రం వద్దు

కొత్త టెలిస్కోప్‌లో పౌర్ణమి చంద్రుణ్ణి చూస్తే తెల్లటి పళ్లెంలా ఉన్నాడు తప్ప గుంతలేవీ తెలియలేదు, అద్దం లోపమా అని ఒకరు అడిగారు. అద్దం మంచిదేనండీ, రోజే తప్పు. పౌర్ణమి నాడు సూర్యుడు మన వెనక నుంచి సూటిగా వెలుగు కొడతాడు. నీడ పడకపోతే లోతెలా తెలుస్తుంది? శుద్ధ నవమి, దశమి దాకా ఆగి చంద్రుడి మీది పెద్ద గుంత, కోపర్నికస్ బిలం వైపు తిప్పండి.

నా మూడంగుళాల టెలిస్కోప్‌తో మొదటిసారి అలాగే చూశాను. బిలం అంచు వెలిగిపోతోంది, లోపలంతా సిరా పోసినట్టు నలుపు. ఆ నలుపు మధ్యలో సూదిమొనంత తెల్ల చుక్క. ఐపీస్ (కన్ను ఆనించే కటకం) మీద దుమ్మనుకుని ఊడదీసి చొక్కా అంచుతో తుడిచాను (మీరు ఆ పని చేయకండి, గీతలు పడతాయి). మళ్లీ పెడితే చుక్క అక్కడే ఉంది! కాసేపటికి పక్కన ఇంకోటి. అవి బిలం నడుమ ఉన్న కొండల శిఖరాలు. అడుగున ఇంకా చీకటే, కొండకొమ్ములకు మాత్రం అప్పుడే తెల్లవారుతోంది. 93 కిలోమీటర్ల వెడల్పు, దాదాపు నాలుగు కిలోమీటర్ల లోతు ఉన్న ఆ గుంతను వెలుగు ఈ అంచు నుంచి ఆ అంచుకు దాటడానికి ఆరు గంటలు పడుతుంది. సైకిలు తొక్కేవాడికంటే వేగమేమీ కాదు. నేను రెండు గంటలు కళ్లప్పగించి చూసి, మెడ పట్టేసి పడుకున్నాను.

చంద్రుడి మీది గుంతల్లో అందరూ టైకో, టైకో అంటారు. పౌర్ణమి నాడు దాని చారలు (గుంత పడ్డప్పుడు చుట్టూ చిమ్మిన తెల్లటి గీతలు) బాగుంటాయి, కాదనను. కానీ దాని చుట్టూ గుంత మీద గుంత, సంతలా ఉంటుంది. కోపర్నికస్ అలా కాదు, లావా మైదానంలో ఒంటరిగా, దర్జాగా కూర్చుంటుంది. ఉత్తరాన కార్పేతియన్ కొండలు, తూర్పున ఎరటోస్తనీస్ బిలం, ఆ రెండు బిలాల మధ్య నేలంతా చిన్న చిన్న గుంతల వరసలు. కోపర్నికస్ పుట్టినప్పుడు ఎగిరిపడ్డ రాళ్లు చేసిన పని అది. 1969లో అపోలో 12 వ్యోమనౌక కోపర్నికస్ చార ఒకదాని మీదే దిగింది. తెచ్చిన మట్టిని బట్టి బిలం వయసు 80 కోట్ల ఏళ్లని లెక్క కట్టారు.

రెట్లు పెంచితే గుంతలు తెలుస్తాయనుకోకండి. ఆ భ్రమ పుట్టించిన తప్పు టెలిస్కోప్ పెట్టెల మీద ‘500 రెట్లు’ అని అచ్చేసేవాళ్లది. మూడంగుళాల అద్దానికి 80 రెట్లు చాలు, 150 దాటితే అంతా మసకే.

దశమికి మబ్బు పడితే బహుళ దశమి ఉంది. అప్పుడక్కడ సూర్యాస్తమయం, నీడలు అటు నుంచి ఇటు పడతాయి. కాకపోతే అర్ధరాత్రి దాటాక లేవాలి.