ముందు వాన నీరు, తర్వాతే కంప్యూటర్లు

ప్రశ్న: మా విశ్వవిద్యాలయ గ్రంథాలయం గానుగ సున్నంతో కట్టిన పాత మిద్దె. కప్పు మద్రాస్ టెర్రస్, అంటే కొయ్య దంతెల మీద ఇటుకలు పేర్చి సున్నం వేసినది. ఆమధ్య గోడలకు సిమెంటు పూత పూయించాక మూడడుగుల ఎత్తు దాకా ఉప్పు పొంగి పెచ్చులూడుతోంది. మేడ మీద కొత్త ఇనుప ర్యాకులు, ఏసీ, డిజిటల్ గది పెట్టాలని ఆలోచన. దేంతో మొదలుపెట్టాలండీ?
– గ్రంథాలయ ఉద్యోగి, కడప

జవాబు: మీ గోడకు జబ్బు తెచ్చింది ఆ సిమెంటే. పాత పునాదుల్లో చెమ్మను ఆపే పొర ఉండదు. నేల తడి గోడలోకి పాకి, సున్నపు పూత గుండా ఆరిపోయేది. ఇప్పుడు ఆ దారి మూసుకుపోయింది. తడి ఇంకా పైకెక్కి, వెంట తెచ్చిన ఉప్పు పూత వెనకే గడ్డకట్టి పెచ్చును బయటికి తోస్తోంది. మళ్లీ సిమెంటుతో మాటు వేస్తే ఆ పైన ఇంకోచోట పొంగుతుంది.

ముందు మిద్దె ఎక్కి తూములు చూడండి. రావి మొక్క ఉంటే పైపైన కోయడం దండగ, వేరుతో సహా తీయాలి. దంతెల కొనలు గోడలోకి దూరేచోట స్క్రూడ్రైవర్‌తో పొడవండి; మెత్తగా దిగితే పుచ్చిందన్నమాట. కారుతోందని కప్పు మీద కాంక్రీటు పోయించకండి, దంతెలకు అదనపు బరువు.

కారడం ఆగాక, మరక పైన రెండడుగుల దాకా సిమెంటు కొట్టించి, ఇటుకల సందులు గీకించి, ఒక వేసవంతా ఆరనివ్వండి. మన ఎండలు పనికొచ్చే చోటు ఇదొక్కటే! ఉప్పును పొడి బ్రష్‌తో దులపాలి. నీళ్లతో కడిగితే కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. ఆ తర్వాత సున్నం ఒక పాలు, ఇసుక మూడు పాళ్లు కలిపి పలుచటి పొరలుగా పూయించి, వారం పాటు తడి గోనెలు కప్పండి. పైన ప్లాస్టిక్ ఎమల్షన్ వద్దు, వెల్ల చాలు.

ర్యాకులు మేడెక్కించకండి. 2.2 మీటర్ల ఎత్తున పుస్తకాలు పేర్చే గదికి చదరపు మీటరుకు 6 కిలోన్యూటన్లు, అంటే సుమారు 600 కిలోల భారం లెక్కగట్టాలని కట్టడాల భారాలకు భారత ప్రమాణమైన ఐఎస్ 875 రెండో భాగం చెబుతుంది. పాత దంతెలను ఇంజనీరు పరీక్షించకుండా అంత బరువు మోపలేం. ర్యాకులు కింద, గోడకు జానెడు ఎడంగా వేసి, చదువుకునే బల్లలు పైన వేసుకోండి. అన్నట్టు, నేల బండలను ఆసిడ్‌తో కడిగించకండి. కడప బండ సున్నపురాయే, నురగ కక్కి నునుపు పోతుంది.

పగలు వేసి రాత్రి ఆపే ఏసీ కాగితానికి మంచిది కాదు. రోజూ తేమ ఎక్కి దిగుతుంటే అట్టలు వంకర పోతాయి. తేమ 65 శాతం దాటి నిలిస్తే బూజు ఖాయం. తేమ మీటరొకటి కొని అక్టోబరు, నవంబరు ముసుర్లలో రోజూ చూడండి. తాళపత్రాల గదికైతే ఏసీ రాత్రింబవళ్లు నడపండి, కుదరకపోతే మానేయండి.

ప్రశ్న: గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ కోహాలో పుస్తకాల పేర్లన్నీ ఎక్కించాం. తెలుగులో వెతికితే సగం పుస్తకాలు దొరకవు.
– పాఠకురాలు, అనంతపురం

జవాబు: పాత జాబితాను అను ఫాంట్లలో కొట్టి ఉంటారు. తెరమీద తెలుగులా కనబడినా లోపల ఉన్నవి ఇంగ్లీషు గుర్తులే. యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు సరిచూడాలి. రెండో చిక్కు స్పెల్లింగు. అట్ట మీద ‘కఱవు’ అని ఉంటే విద్యార్థి ‘కరవు’ అనో ‘కరువు’ అనో వెతుకుతాడు. అచ్చులో ఉన్నట్టే కోహాలో అసలు పేరు రాసే 245 గడిలో ఉంచి, నేటి రూపాలను వేరు రూపాలకున్న 246 గడిలో చేర్చండి. అరసున్నలకూ ఇదే పద్ధతి.

ప్రశ్న: చిరిగిన పేజీలకు సెల్లోటేపు వేయొచ్చా?
– పాఠకుడు, కర్నూలు

జవాబు: వద్దు. కొన్నేళ్లకు టేపు ఊడిపోతుంది, పసుపు జిగురు మాత్రం కాగితంలోకి ఇంకి ఉండిపోతుంది. పలుచటి జపాన్ టిష్యూ పీలికను గోధుమ గంజితో అతికించి, రెండు బ్లాటింగ్ కాగితాల మధ్య బరువు పెట్టి ఆరబెట్టండి.