రెక్కలు తేలికైతే మంచిదేగా?

ప్రశ్న: ఇంజినీరింగ్ ప్రాజెక్టుకు రెండు సీట్ల హెలికాప్టర్ డిజైన్ చేస్తున్నాం. బరువు తగ్గించాలని రోటర్ రెక్కల్ని వీలైనంత తేలిక చేశాం. మా గైడ్ ఒప్పుకోవడం లేదు. ఎందుకు?

జవాబు: మీ గైడ్ మాటే నాదీ. గాలిలో ఇంజిన్ ఆగితే పైలట్ ఎడమచేతి కింది కలెక్టివ్ లివర్‌ను, అంటే రెక్కలన్నిటి కోణాన్ని ఒకేసారి మార్చే పిడిని, వెంటనే దించాలి. అప్పుడు కింది నుంచి ఎదురొచ్చే గాలే రోటర్‌ను తిప్పుతుంది. అదే ఆటోరొటేషన్. చిక్కంతా ఆ 'వెంటనే'లో ఉంది. శిక్షణ ఇచ్చే రోజుల్లో నేను చెప్పకుండా థ్రాటిల్ మూసేవాణ్ణి. రోటర్ వేగం 97 శాతానికి పడగానే హారన్ మోగేది. విద్యార్థి చెయ్యి లివర్ మీదే ఉండేది, కానీ కదిలేది కాదు. ఏమైందన్నట్టు తల నా వైపు తిప్పేవాడు. తేలిక రెక్కలు దాచుకునే శక్తి తక్కువ, వేగం చప్పున పడిపోతుంది. వాటికి ఆ మాత్రం ఆలస్యం చాలు, పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. లివర్ నేనే దించేసేవాణ్ణి.

వేగం 10 శాతం తగ్గితే, రెక్కల కోణం అదే ఉన్నా లిఫ్ట్ (పైకి ఎత్తే బలం) 19 శాతం పోతుంది. అందుకే రెక్క చివర్లో కొంత బరువు పెట్టండి. రెట్టింపు దూరంలో పెట్టిన కిలో నాలుగు రెట్ల శక్తిని దాచుకుంటుంది, రెక్కల్ని నడిమిన పట్టి ఉంచే హబ్ మీద లాగుడు మాత్రం రెట్టింపే అవుతుంది. ఇంత లాభసాటి బేరం హెలికాప్టర్‌లో ఇంకెక్కడా దొరకదు.

రెండు రెక్కలూ తూగుడుబల్లలా కలిసి ఊగే టీటరింగ్ రోటర్‌తో ఇంకో భయం ఉంది. ముక్కును ఒక్కసారిగా కిందికి నెడితే రోటర్ మీద భారం పోతుంది. ఆ స్థితిలో కంట్రోల్ తప్పుగా కదిపితే హబ్ వెళ్లి మాస్ట్‌కు, అంటే రోటర్‌ను మోసే నిలువు ఇరుసుకు, కొట్టుకుంటుంది. అలాంటి రోటరున్న చిన్న హెలికాప్టర్లు రాబిన్సన్ ఆర్22, ఆర్44 పైలట్లకు అమెరికా 1995లో ప్రత్యేక శిక్షణ తప్పనిసరి చేసిన కారణాల్లో ఇదొకటి. 2007లో యూరప్ సర్టిఫికెట్ పొందిన రెండు సీట్ల హెలికాప్టర్ గింబాల్ కాబ్రీ జీ2ను చూడండి: మూడు రెక్కలు, చుట్టూ కవచమున్న తోక రోటర్, దెబ్బను మింగే సీట్లు.

ఇంధన ట్యాంకును చివరికి వదిలేయకండి. దెబ్బ తట్టుకుని బతికినవాళ్లు మంటల్లో పోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అల్యూమినియం ట్యాంకు లోపల సాగే సంచి ఉంటే, బయట రేకు చిరిగినా పెట్రోల్ చిమ్మదు.

ముందు ఒక్క లెక్క వేయండి: ఇంజిన్ ఆగాక లివర్ కదపకపోతే మీ రోటర్ ఎన్ని సెకన్లు సరిపడా వేగంతో తిరుగుతుంది? రెండు సెకన్ల లోపు వస్తే రెక్కల్ని మళ్లీ గీయండి.