పెద్దాపరేషన్ అయిన బాలింతకు ఏ పథ్యం, ఎంత విశ్రాంతి

వచ్చే వారం మీకు సిజేరియన్ చేయాలని డాక్టరు చెప్పారనీ, ఆసుపత్రి నుంచి పాలకొల్లు దగ్గరున్న పుట్టింటికి వెళ్తారనీ, మీ అమ్మగారు పాత పద్ధతిలోనే పథ్యం పెడతానంటున్నారనీ రాశారు. ఆసుపత్రిలో ఎలా ఉంటుంది, ఇంటికి వచ్చాక ఎన్నాళ్ళకు తేరుకుంటారు అని అడిగారు. మాది రాజోలు వైపు ఒక లంక గ్రామం. నా మొదటి కాన్పు మూడేళ్ళ కిందట మే నెలలో, భీమవరంలోని ఒక ఆసుపత్రిలో పెద్దాపరేషన్‌తోనే అయింది. నేను డాక్టరును కాను. నాకు జరిగినదీ, డాక్టరు గారు నాకు వివరించినదీ మాత్రమే చెబుతాను.

మన వైపు బాలింతకు పెట్టే నియమాలు ఇంట్లో మంత్రసాని చేతుల మీదుగా కాన్పులు జరిగిన కాలంలో ఏర్పడ్డాయి. అప్పటి బాలింతకు పొట్ట మీద కోత లేదు, కుట్లు లేవు. అందుచేత ఆ నియమాల్లో విశ్రాంతి, ఆదరణ ఉన్నవాటిని ఉంచుకుని, నీళ్ళూ తిండీ తగ్గించేవాటిని నిస్సంకోచంగా వదిలేయాలని నా అభిప్రాయం. ఈ మాట నేను ఎందుకంత గట్టిగా అంటున్నానో కింద తెలుస్తుంది.

ఆపరేషన్ గురించి మరీ భయపడకండి. వెన్నులో ఇచ్చే ఇంజెక్షన్ వల్ల రొమ్ముల కింది నుంచి కాళ్ళ దాకా మొద్దుబారుతుంది గాని మెలకువగానే ఉంటాము. కోత నొప్పి తెలియదు, లోపల లాగుతున్నట్లు, అదుముతున్నట్లు మాత్రం తెలుస్తుంది. చాలామందికి బల్ల మీదే ఒళ్ళంతా వణుకు పుడుతుంది. నాకు పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. అది కాసేపటికి తగ్గిపోయేదేనని ముందే తెలిసి ఉంటే అంత బెదిరిపోయేదాన్ని కాను. బిడ్డను వీలైతే మొదటి గంటలోనే రొమ్ముకు అందించమని ముందుగా చెప్పి పెట్టుకోండి. ఆపరేషన్ అయినవాళ్ళకు పాలు పడవనే మాట నిజం కాదు. మొదట వచ్చేవి చిక్కని ముర్రుపాలు. అవి కొద్దిగానే ఉంటాయి, అప్పుడే పుట్టిన బిడ్డ పొట్టకు ఆ కొద్దే చాలు. పాలు నిండుగా దిగడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. బిడ్డ పాలు తాగుతున్నప్పుడు పొత్తికడుపులో మెలిపెట్టినట్లు నొప్పి వస్తే కంగారు పడవద్దు, గర్భసంచి ముడుచుకుంటోందని దాని అర్థం.

మొదటి రాత్రి సెలైను, మూత్రం గొట్టం ఉంటాయి, కదలవలసిన పని ఉండదు. అసలు కష్టం మరునాటి ఉదయం. గొట్టం తీసేసి, సిస్టరు వచ్చి లేచి నడవమంది. నేను పడుకున్నదాన్ని పడుకున్నట్లే తల ఎత్తి లేవబోయాను. కుట్లు తెగిపోయినంత నొప్పి పుట్టి కేక పెట్టాను. అప్పుడు ఆవిడ నన్ను ముందు ఎడమ పక్కకు ఒత్తిగిలమని, రెండు కాళ్ళూ మంచం అంచు నుంచి కిందికి వేలాడవేయించి, మోచేతిని పరుపుకు ఆనించి పక్కవాటుగా లేపింది. నొప్పి సగానికి సగం తగ్గింది. ఈ పద్ధతిని ఇప్పుడే, ఆపరేషన్‌కు ముందే, నాలుగుసార్లు అలవాటు చేసుకోండి. దగ్గు, తుమ్ము, నవ్వు వచ్చినప్పుడు చిన్న దిండును కుట్ల మీద రెండు చేతులతో అదిమి పట్టుకోండి. నాకు ఏ మందూ చేయని మేలు ఆ దిండు చేసింది. నడక విషయంలో మాత్రం మీ మీద మీరే జాలి పడకండి. నడిస్తేనే పొట్టలో గాలి కదులుతుంది, నడిస్తేనే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం తగ్గుతుంది. నొప్పి మందు వేళకు వేసుకోండి, ఓర్చుకుని గొప్ప అనిపించుకోనక్కరలేదు. పాలిచ్చే తల్లికి పనికివచ్చే మందులే రాస్తారు.

అయిదో రోజున నన్ను ఇంటికి పంపారు. చించినాడ వంతెన దాటాక ఊరి దాకా కాలువ గట్టు మీద గతుకుల రోడ్డే. కారును నెమ్మదిగా నడపమని, పొట్టకూ బెల్టుకూ మధ్య ఆ దిండే పెట్టుకుని కూర్చున్నాను. ఆటోలో మాత్రం వెళ్ళవద్దు. ఇంట్లో మొదట ఎదురైన చిక్కు నులక మంచం. అది మధ్యకు దిగిపోతుంది, అందులోంచి పక్కకు ఒత్తిగిలి లేవడం కుట్లు ఉన్న మనిషికి సాధ్యం కాదు. మా నాన్న పట్టె మంచం కోళ్ళ కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేశాక గాని నేను సాయం లేకుండా లేవలేకపోయాను. కింద కూర్చునే మరుగుదొడ్డి అయితే దాని మీద వేసుకునే కమోడు కుర్చీ ఒకటి కొనిపించండి.

ఇక పథ్యం. మా అమ్మ నన్ను కన్నప్పుడు మా అమ్మమ్మ ఆమెకు ఎలా చేసిందో నాకూ అలాగే చేసింది, ప్రేమతోనే చేసింది. నీళ్ళు తాగితే పొట్ట పెరుగుతుందని రోజుకు రెండు గ్లాసుల కాచిన నీళ్ళు, పప్పు తింటే కుట్లు చీము పడతాయని మధ్యాహ్నం పాతబియ్యం అన్నంలో వెల్లుల్లి కారం, నెయ్యి, పొద్దున్నే బాలింతలకు పెట్టే కాయం అనే మందు ఉండ. పైన పాత నూలు చీరతో బిగించిన నడికట్టు. డెల్టాలో మే నెల ఉక్కపోత మీకు తెలిసినదే. కరెంటు పోయిన మధ్యాహ్నాలు ఆ కట్టు కింద చెమట కారి కోత దగ్గర ఎప్పుడూ తడిగానే ఉండేది. ఎనిమిదో రోజుకు విరేచనం గట్టిబడి, ముక్కితే కుట్లు లాగి, మరుగుదొడ్డికి వెళ్ళాలంటేనే ఏడుపు వచ్చేది. తొమ్మిదో రోజు సాయంత్రం కట్టు విప్పితే, చీర మడత మీద అర్ధరూపాయి బిళ్ళంత పసుపుపచ్చని మరక ఉంది. కోత కుడి కొన దగ్గర చిన్నగా విచ్చుకుని నీరు కారుతోంది. మర్నాడు డాక్టరు గారు శుభ్రం చేసి, వారం పైగా రోజూ కట్టు మార్పించారు. చీముకు కారణం పప్పు కాదనీ, తడి, సూక్ష్మజీవులేననీ, గాయం పూడటానికి మాంసకృత్తులు కావాలి గనుక పప్పూ గుడ్డూ చేపా మానకూడదనీ మా అమ్మను ఎదురుగా కూర్చోబెట్టి చెప్పారు. దాహం వేసినప్పుడల్లా, పాలిచ్చిన ప్రతిసారీ నీళ్ళు తాగమన్నారు. ఆ రోజు నుంచి మా అమ్మే చెంబు పట్టుకుని నా చుట్టూ తిరిగింది.

కాబట్టి మీ అమ్మగారితో తగువు పడకండి, డిశ్చార్జి రోజున ఆమెను డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళి ఆయన నోటితోనే చెప్పించండి. ఆమె పెట్టేవాటిలో మంచివి చాలా ఉన్నాయి: వెల్లుల్లి వేసిన మునగాకు, పొట్లకాయ, బీరకాయ, మన వైపు బాలింతలకు ప్రత్యేకంగా చేసే పాలసొర చేప పిట్టు. అవన్నీ సంతోషంగా తినండి. నడికట్టు కావాలంటే డాక్టరును అడిగి మెత్తని బెల్టు, లేచి తిరిగేటప్పుడు మాత్రమే వేసుకోండి. స్నానంలో పొట్ట మీద మరిగే నీళ్ళు చెంబుతో కొట్టడం మానిపించండి. గోరువెచ్చని నీళ్ళు పోసుకుని, మెత్తని గుడ్డతో కోతను అద్ది, గాలికి ఆరనివ్వండి. సాంబ్రాణి పొగ బిడ్డ ఊపిరికి మంచిది కాదు, దాన్ని గదిలోకి రానివ్వకండి.

ఇంకొకటి. నాకు రెండో వారంలో కారణం లేకుండా కన్నీళ్ళు వచ్చేవి. చూడవచ్చినవాళ్ళు “నార్మల్ కాలేదా అమ్మా” అన్నప్పుడల్లా నేనేదో తప్పు చేసినట్లు ఉండేది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు ఆపరేషన్‌తో జరిగినట్లు తేలింది. మీరు ఒంటరి కారు. ఈ దిగులు చాలామందికి రెండు వారాల్లో పోతుంది. పోకపోతే, బిడ్డను చూసినా మనసు కదలకపోతే, అది జబ్బే, దానికి వైద్యం ఉంది, దాచుకోకుండా చెప్పండి.

జ్వరం 100.4 దాటినా, కోత ఎర్రబడి చీము కారినా, గంటకే ప్యాడు తడిసిపోయేంత రక్తం పోయినా, స్రావం దుర్వాసన వచ్చినా, ఒక కాలి పిక్క వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా, కూర్చుంటే ఎక్కువై పడుకుంటే తగ్గే తలనొప్పి ఉన్నా, కళ్ళు మసకబారినా తెల్లవారేదాకా ఆగవద్దు, 108కి ఫోను చేయండి. కాన్పు తరువాత మామూలుగా అయ్యే మైల, అంటే రక్తస్రావం, నాలుగు నుంచి ఆరు వారాలు క్రమంగా తగ్గుతూ ఉంటుంది.

ఎన్నాళ్ళకు అంటారా, ఇంట్లో తిరగడానికి నాకు రెండు వారాలు పట్టింది, ఒంటరిగా బిడ్డకు నీళ్ళు పోయడానికి అయిదు వారాలు, వంగి లేచి పని చేసుకోవడానికి మూడు నెలలు. ఆరు వారాల దాకా బిడ్డ కంటే బరువైనది ఎత్తకండి. కోతకు పైన చర్మం నెలల తరబడి మొద్దుగానే ఉంటుంది. నడుము నొప్పికి అందరూ వెన్ను ఇంజెక్షన్‌ను అంటారు గాని, నాది వీపుకు ఆనుడు లేకుండా వంగి పాలివ్వడం వల్ల వచ్చినది. దిండ్లు ఆన్చుకుని, బిడ్డనే రొమ్ము దగ్గరకు తెచ్చుకున్నాక తగ్గింది. ఐరన్, కాల్షియం మాత్రలు ఆరు నెలలూ వేసుకోండి. నలభై రెండో రోజు పరీక్షకు తప్పక వెళ్ళండి. తరువాతి గర్భానికి కనీసం ఏడాదిన్నర, వీలైతే రెండేళ్ళు ఎడం ఉండాలన్నారు గనుక దాని సంగతి ఆ రోజే మాట్లాడండి. ఆపరేషన్ ఎందుకు చేశారో, గర్భసంచి మీద కోత అడ్డంగా పెట్టారో నిలువుగా పెట్టారో డిశ్చార్జి కాగితంలో రాయించుకుని భద్రంగా దాచండి. పైకి కనిపించే మచ్చను బట్టి లోపలి కోత తెలియదు, రెండో కాన్పుకు వెళ్ళినప్పుడు డాక్టరు మొదట అడిగేది ఆ కాగితమే.