ట్యాంకు గుంత తవ్వకముందే ఇది చదువు బిడ్డా

బిడ్డా,

స్లాబు పని అయిపోయిందని, ఇగ పార్కింగు జాగల సెప్టిక్ ట్యాంకు గుంత తవ్వుతరని చెప్పినవ్. "పదిహేనేండ్ల దాకా మూత తీసే పనే ఉండదు, అంత పెద్దగ కడత" అని మేస్త్రీ అన్నడట. ఆ మాట విన్నంకనే ఈ ఉత్తరం రాస్తున్న. హన్మకొండ, కాజీపేట కాలనీలల్ల చానా ఇండ్లకు భూగర్భ డ్రైనేజీ లేదు, ట్యాంకే దిక్కు. అది ఎంత పెద్దగున్నదని కాదు, రెండు మూడేండ్లకోసారి సులువుగ ఖాళీ చెయ్యొస్తదా అని చూడాలె.

మలం అడుగున బురద లెక్క పేరుకుంటది. రెండు మూడేండ్ల బురద పల్చగనే ఉంటది, ట్యాంకు ఖాళీ చేసే బండి పైపు దాన్ని గుంజేస్తది. పదేండ్లు వదిలేస్తే అడుగున గట్టిపడి పైపుకు రాదు. అప్పుడే ఎవరో ఒకరు "ఓ మనిషిని దింపితే అయిపాయె" అంటరు. లోపటి విషవాయువుకు మనుషులు సచ్చిపోయేది గక్కడ్నే.

మీ ఇంట్ల ఆరుగురు, సుట్టాలు వస్తూ పోతూ ఉంటరు. పదిమంది లెక్క కట్టుకో. సెప్టిక్ ట్యాంకులకు పెట్టిన భారత ప్రమాణం ఐఎస్ 2470 ప్రకారం పదిమందికి, రెండేండ్లకోసారి తీసేటట్టయితే లోపటి పొడుగు 2 మీటర్లు, వెడల్పు 90 సెంటీమీటర్లు, నీళ్ల లోతు 1.4 మీటర్లు. నీళ్ల మీద ఇంకో అడుగు ఖాళీ ఉండాలె. అంటే 2,500 లీటర్ల సుమారు. 2,000 లీటర్లు దాటితే లోపట అడ్డగోడ పెట్టి రెండు గదులు చెయ్యాలె. మొదటి గది పొడుగుల మూడింట రెండొంతులు. అడ్డగోడకు పెట్టే రంధ్రం అడుగున వద్దు, పైన వద్దు, నడిమిట్ల ఉండాలె. అడుగున బురద, పైన తెట్టె ఉంటయి, నడుమ నీళ్లే రెండో గదిలకు పోవాలె.

ఇంగ్లీషు T అక్షరం లెక్క ఉండే టీ పైపుల కాడ మేస్త్రీలు పైసలు మిగిలిస్తరు, నువ్వు దగ్గరుండి చూడు. లోపటికి వచ్చే పైపుకు ఒక టీ, బయటికి పోయే పైపుకు ఒక టీ. రెండింటి కింది కాళ్లు నీళ్లల్ల ఒక అడుగు లోతు (12 అంగుళాలు) మునగాలె. లోపటి టీ లేకుంటే పైనుంచి పడే నీళ్లు బురదను కలియబెడతయి. బయటి టీ లేకుంటే తెట్టె సక్కగ ఇంకుడు గుంతలకు పోయి దాన్ని పూడుస్తది. బయటి పైపు లోపటి పైపు కంటే 2 అంగుళాలు కిందికి ఉండాలె, లేకుంటే నీళ్లు లెట్రిన్ దిక్కు ఎదురు తంతయి.

"అడుగున కాంక్రీటు ఎందుకమ్మా, నీళ్లు భూమిల ఇంకితే మంచిదేగా" అంటరు. ఒప్పుకోకు. అడుగు లేనిది ట్యాంకు కాదు, బావి లెక్కనే. మన దిక్కు నేల కింద బండ ఉంటది, ఆ బండ పగుళ్ల నుంచి మురికి ఎటు పోయి ఏ బోరుల తేలుతదో ఎవరూ చెప్పలేరు. అడుగు కాంక్రీటు, గోడలకు లోపట నున్నటి ప్లాస్టరు చెయ్యించు. తడిపి ఆరినంక నీళ్లు నింపించు. మొదటి రోజు గోడలు పీల్చుకుంటయి, కనుక మర్నాడు నీళ్లున్న కాడ గీత గీసి, అప్పటి నుంచి 24 గంటలు చూడు. అర అంగుళం కంటే ఎక్కువ దిగితే ఎక్కడో కారుతున్నట్టే. ప్లాస్టరు మళ్ల చెయ్యాలె.

బయటికి వచ్చే నీళ్లు చూసేటందుకు తేటగ ఉన్నా రోగక్రిములు ఉంటయి. వాటిని మోరీల కలపొద్దు. వాడకట్టు పిల్లలు ఆడేది ఆ మోరీ పక్కనే. ఇంకుడు గుంతకే ఇయ్యాలె. అది తాగునీటి బోరుకు 18 మీటర్లు, ఇంటికి 6 మీటర్లు దూరం ఉండాలె. మీ జాగల కుదరకపోతే పక్కింటి బోరు ఎక్కడుందో కూడా చూసి, ఎక్కువ దూరం దొరికే మూల ఎంచుకో. వాన నీళ్లు మాత్రం ట్యాంకులకు అస్సలు రానియ్యొద్దు. 2020 ఆగస్టు వానలకు నయీంనగర్ నాలా దిక్కు ఎట్ల మునిగిందో తెలుసు కదా. మూత నేల కంటే కొంచెం ఎత్తుల పెట్టించు.

మూతలు రెండు, ఒక్కో గదికి ఒకటి. ఒక్కోటి ఒకటిన్నర అడుగు వెడల్పు, రెండు అడుగుల పొడుగు. వాటి మీద టైల్స్ వేస్తమంటే ఆపు. పార్కింగు టైల్స్ పగులగొట్టాల్సి వస్తదని భయపడే చానామంది ఏండ్లకేండ్లు ట్యాంకు తీయించరు. గాలి పైపు పైకప్పు మీదికి పోవాలె, చివరకు దోమల జాలి కట్టాలె.

ఇంట్లకు దిగినంక శానిటరీ ప్యాడ్లు, డైపర్లు, వెంట్రుకలు లెట్రిన్ల వేయకుండ్రి. యాసిడ్ డబ్బాలకు డబ్బాలు పోస్తే బురదను తినే క్రిములు సచ్చిపోతయి.

ఏడాదికోసారి ఇట్ల చూసుకో. పొడుగు కర్రకు తెల్ల గుడ్డ సుట్టి, మూత తీసి కొంచెంసేపు గాలి పోనిచ్చి, దూరం నిలబడి అడుగు దాకా దించు. కొద్ది నిమిషాలాగి మెల్లగ తీయి. గుడ్డకు నల్లగ అంటిన మేర బురద లోతు. అది, తెట్టె కలిపి నీళ్ల లోతుల సగానికి దగ్గరైతే బండికి చెప్పు. అగ్గిపుల్ల గీయొద్దు, తల లోపలికి పెట్టొద్దు. కుళ్లిన గుడ్ల వాసన తెలుస్తది అనుకోకు. ఆ వాసనొచ్చే విషవాయువు ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెల్వదు.

మన వరంగల్ కార్పొరేషన్ 2016లోనే ఈ బురదకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది, శుద్ధి చేసేటందుకు అమ్మవారిపేటల కేంద్రం ఉంది. కనుక లైసెన్సున్న బండినే పిలిచి, ఎక్కడ పోస్తరో అడుగు. నాలాలనో చెరువు గట్టు మీదనో పోసే బండి అగ్గువకు వచ్చినా వద్దు. పైపు ఎంత పొడుగో ముందే అడుగు, మీ సందులకు బండి రాదు. అడుగున కొంచెం బురద మిగలనియ్యి, కొత్త దాన్ని కుళ్లబెట్టేది అదే. నడి వానకాలంల తీయించకు. ఖాళీ ట్యాంకును భూమిల నీళ్లు పైకి నెట్టొచ్చు.

ఎవరన్నా దిగుతమన్నా ఒప్పుకోకు. రక్షణ లేకుండా మనిషిని దింపుడు, చేతులతో మలం ఎత్తే పనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం, మొదటిసారికే రెండేండ్ల దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా. దించుతున్నరని తెలిస్తే పారిశుద్ధ్య హెల్ప్‌లైన్ 14420కి ఫోన్ చెయ్యి.

ట్యాంకు మీద స్లాబు వేయకముందు రెండు గదులు, రెండు టీలు కనిపించేటట్టు ఫోటో పంపు. నేను చూసి చెప్పినంకనే మూయించు.

మీ మామ