పెట్టె మీది వాట్లు, ఫ్యూజు చెప్పే వాట్లు
కారు స్టీరియో, స్పీకర్లపై పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ప్రశ్న: నాది ఐదేళ్ల నాటి హ్యాచ్‌బ్యాక్. కొత్తగా టచ్‌స్క్రీన్ స్టీరియో పెట్టించాను, దాని మీద 50 వాట్లు × 4 అని ఉంది. ముందు తలుపులకు స్పీకర్లు మారుద్దామంటే ఒక షాపులో 300 వాట్లవి, ఇంకో షాపులో 180 వాట్లవి చూపించారు. 300 వాట్లవి వేస్తే లోడు ఎక్కువై స్టీరియో కాలిపోతుందని ఒకరు, ఎన్ని వాట్లుంటే అంత సౌండని ఇంకొకరు అంటున్నారు. ఎవరి మాట వినాలి?
– పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఇద్దరి మాటా వినకండి. ముందు స్టీరియో సంగతి చూద్దాం. దాని వెనక వైరింగ్ సాకెట్ పక్కన చిన్న ఫ్యూజు ఉంటుంది. చాలా వాటికి 10 ఆంప్స్, కొన్నిటికి 15. ఇంజిన్ నడుస్తున్నప్పుడు బండిలో వోల్టేజీ దాదాపు 14.4 వోల్టులు. 10ని 14.4తో గుణిస్తే 144 వాట్లు. లోపలికి వెళ్లేదే 144 అయితే బయటికి 200 (50 × 4) ఎలా వస్తాయి? ఆ 144లోనూ దాదాపు సగం వేడిగా పోతుంది, కొంత స్క్రీన్ తింటుంది. మిగిలింది నాలుగు స్పీకర్లకు పంచితే ఒక్కోదానికి 15 నుంచి 20 వాట్లు. 15 ఆంప్స్ ఫ్యూజున్నా 25 దాటడం కష్టం. పెట్టె మీది 50 అనేది సౌండు పూర్తిగా చిట్లిపోయే స్థితిలో లెక్కగట్టిన గరిష్ఠ అంకె. పేరు గొప్ప, ఊరు దిబ్బ. మాన్యువల్‌లో ఆర్‌ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగలిగే సగటు పవర్) అనో, సీఈఏ 2006 (పవర్ కొలిచే పద్ధతికి అమెరికా ప్రమాణం) అనో రాసి ఉన్న అంకె వెతకండి, అది నమ్మదగ్గది. సీఈఏ 2006 అంకె అయితే 4 ఓమ్‌ల (కరెంటుకు స్పీకరు ఇచ్చే అడ్డు కొలత ఇది) స్పీకరుతో, చిట్లడం 1 శాతం మించకుండా కొలిచింది.

ఇక స్పీకరు మీది వాట్లు. అవి కాలిపోకుండా ఎంత తట్టుకోగలదో చెబుతాయంతే. ట్యాంకు ఎంత పెద్దదైనా పంపు ఇచ్చినన్ని నీళ్లే వస్తాయి కదా, 300 వాట్ల స్పీకరూ స్టీరియో ఇచ్చే 20తోనే మోగుతుంది. అందుకని స్టీరియో కాలదు. కానీ ఎక్కువ పవర్ తట్టుకునేలా చేసిన స్పీకర్లలో కాయిల్, కోన్ (కదులుతూ మోగే గరాటు) బరువుగా ఉండేవి చాలా. వాటిని కదిలించడానికి 20 వాట్లు చాలక, పాట దుప్పటి కప్పుకుని పాడినట్టుంటుంది.

షాపులో అడగాల్సింది సెన్సిటివిటీ. ఒక వాటు ఇచ్చి, మీటరు దూరంలో కొలిస్తే ఎన్ని డెసిబెల్స్ వస్తాయన్న అంకె ఇది. మూడు డెసిబెల్స్ తేడా అంటే పవర్ రెట్టింపు చేసినంత. 92 డీబీ స్పీకరు 20 వాట్లతో ఇచ్చే మోత, 86 డీబీ స్పీకరు ఇవ్వాలంటే 80 వాట్లు కావాలి. యాంప్లిఫయర్ (పవర్ పెంచే విడి పెట్టె) లేకుండా స్టీరియోకే నేరుగా కలిపేటట్టయితే 90 డీబీకి తగ్గనివి, ఆర్‌ఎంఎస్ 40 నుంచి 60 మధ్య ఉన్నవి, 4 ఓమ్‌లవి తీసుకోండి. మీకు చూపించిన రెండింటిలో దేని సెన్సిటివిటీ ఎక్కువైతే అదే మీది. ఇక్కడా ఓ మెలిక ఉంది. కొన్ని కంపెనీలు ఒక వాటు బదులు 2.83 వోల్టులు ఇచ్చి కొలుస్తాయి. 4 ఓమ్‌ల స్పీకరుకు అది 2 వాట్లు, 2 ఓమ్‌ల దానికి 4 వాట్లు. అంకె అప్పనంగా 3 నుంచి 6 డీబీ పెరుగుతుంది. స్పెసిఫికేషన్లలో 2.83 వోల్టులని కనిపిస్తే ఆ మేరకు తీసేసి పోల్చండి.

సైజు కూడా కొలుచుకునే వెళ్లండి. ఆరున్నర అంగుళాలని పేరున్నా స్క్రూ రంధ్రాలు, కోత వ్యాసం ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటాయి. అద్దం పూర్తిగా దించి, తలుపు రేకు నుంచి అద్దం వరకు లోతు చూడాలి. మ్యాగ్నెట్ అద్దానికి తగిలిందంటే మళ్లీ మొదటికొస్తుంది.

ప్రశ్న: వెనక తలుపుల్లో కంపెనీ స్పీకర్లు ఉన్నాయి. పార్సిల్ ట్రే (వెనక సీటు వెనకుండే పలక) మీద 6×9 అంగుళాల స్పీకర్ల జత పెట్టి, వెనక స్పీకర్ల వైర్లకే జాయింట్ కొట్టమంటే మెకానిక్ సరేనన్నాడు. వాల్యూమ్ 40కి 30 దాటితే ఇప్పటికే బరబరమంటోంది.
– పాఠకురాలు, తెనాలి

జవాబు: ఆ జాయింట్ వద్దు. 4 ఓమ్‌ల స్పీకర్లు రెండు ప్యారలల్‌గా కలిస్తే 2 ఓమ్‌లవుతాయి. స్టీరియో నుంచి లాగే కరెంటు రెట్టింపై లోపలి ఐసీ (స్పీకర్లను మోగించే చిప్) వేడెక్కుతుంది. మంచిదైతే మధ్యమధ్యలో ఆగిపోయి తనను తాను కాపాడుకుంటుంది, చవకదైతే కాలుతుంది. 2 ఓమ్‌లు తట్టుకునే స్టీరియో అయితే మాన్యువల్‌లో స్పష్టంగా రాసి ఉంటుంది. పోనీ సిరీస్‌లో కలిపితే 8 ఓమ్‌లు. ఉన్న 20 వాట్లు పదికి పడిపోయి, ఒక్కో స్పీకరుకు ఐదేసి మిగులుతాయి. వెనక తలుపులవి విప్పేసి ఆ వైర్లు 6×9లకు ఇవ్వడం ఒక్కటే దారి. పలుచని ప్లాస్టిక్ ట్రే మీద మాత్రం బిగించకండి, ఆ బరువుకు కుంగి, బేసు కొట్టినప్పుడల్లా టపటపలాడుతుంది. కింద 12 ఎంఎం ప్లైవుడ్ వేయించండి.

అసలు మా అభిప్రాయం వేరు. ఆ డబ్బుతో ముందు జత మార్చండి. పాట వినేది ముందు కూర్చున్నవాళ్లు, గొంతు డాష్‌బోర్డు వైపు నుంచి రావాలి గానీ వీపు వెనక నుంచి కాదు.

వాల్యూమ్ 30 దగ్గర బరబర క్లిప్పింగ్ అయి ఉండవచ్చు. స్టీరియో తన శక్తికి మించి తోస్తే అల పైభాగం కత్తిరించినట్టు చదునవుతుంది. దాంతో సగటు పవర్ పెరుగుతుంది, పాటలో లేని హై ఫ్రీక్వెన్సీలు పుట్టుకొచ్చి ట్వీటర్ (సన్నని స్వరాలు పలికే చిన్న స్పీకరు) మీద పడతాయి. తక్కువ వాట్ల స్టీరియోతో కూడా ట్వీటర్లు కాలడం ఇందువల్లే. బేస్ బూస్ట్, లౌడ్‌నెస్ తీసేసి, హైపాస్ ఫిల్టర్ (పెట్టిన హద్దుకు కిందున్న బేసును ఆపే సెట్టింగు) 80 హెర్ట్జ్‌కు పెట్టి చూడండి. చిన్న కోన్‌కు చేతకాని లోతు బేసు పంపడం మానేస్తే అదే వాల్యూమ్‌లో శుభ్రంగా వినిపిస్తుంది. అయినా పోకపోతే పాత కోన్ అంచు చిరిగిందేమో విప్పి చూడాల్సిందే.

ప్రశ్న: ఖరీదైన స్పీకర్లు వేయించాక ఉన్న బేసు కూడా పోయింది. ఎందుకు?
– పాఠకుడు, నిజామాబాద్

జవాబు: ఒక స్పీకరుకు ప్లస్, మైనస్ తారుమారై ఉంటుంది. ఒక కోన్ ముందుకు నెట్టే గాలిని రెండోది వెనక్కి లాగేస్తుంటే బేసు మిగలదు. బ్యాలెన్స్‌ను పూర్తిగా ఎడమకు జరిపినప్పుడు బేసు పెరిగి, మధ్యకు తెస్తే తగ్గితే అదే రోగం. నిర్ధారణకు స్టీరియో వెనక వైర్ల కప్లర్ విప్పి, స్పీకరు వైర్లకు 1.5 వోల్టుల సెల్ ఒక్క క్షణం తాకించండి. సెల్ ప్లస్, స్పీకరు ప్లస్ కలిస్తే కోన్ బయటికి రావాలి. స్టీరియో వైర్లలో ముందు ఎడమకు తెలుపు, కుడికి బూడిద, వెనక ఎడమకు ఆకుపచ్చ, కుడికి ఊదా రంగులు సాధారణం. నల్ల గీత ఉన్నది మైనస్. ఆ మైనస్‌ను బండి బాడీకి ఎర్త్ చేసే పాత అలవాటు కొందరికి ఇంకా ఉంది, ఇప్పటి స్టీరియోలకు అలా చేస్తే ఐసీ పోతుంది.

వైర్లన్నీ సరిగ్గా ఉంటే తలుపు చూడండి. స్పీకరు చుట్టూ సందుంటే వెనక గాలి ముందుకొచ్చి బేసును మింగేస్తుంది. రింగుకీ రేకుకీ మధ్య ఫోమ్ టేపు, రేకు లోపలివైపు స్పీకరు వెనక భాగంలో బ్యూటైల్ డ్యాంపింగ్ షీటు (రేకు అదురు తగ్గించే అంటు షీటు) వేయించండి. వేల రూపాయల తేడా ఉన్న స్పీకర్ల మధ్య వినిపించని మార్పు ఈ పనిలో వినిపిస్తుంది.

ప్రశ్న: కాంపొనెంట్ మంచిదా, కోయాక్సియలా?
– పాఠకుడు, అనంతపురం

జవాబు: కాంపొనెంట్‌లో ట్వీటర్ విడిగా వస్తుంది, కోయాక్సియల్‌లో కోన్ మధ్యలోనే ఉంటుంది. అద్దాల దగ్గరో డాష్‌బోర్డు మీదో ట్వీటర్‌కు చోటుంటే ముందు కాంపొనెంట్, వెనక కోయాక్సియల్. తలుపు కింద ట్వీటర్ ఉంటే దాని ధ్వని మోకాళ్లకే వినిపిస్తుంది. చోటు లేకపోతే కోయాక్సియల్‌తో సరిపెట్టుకోండి, క్రాసోవర్ (బేసునూ సన్నని స్వరాలనూ విడదీసే డబ్బా) బిగించే పని తప్పుతుంది.

ప్రశ్న: యాంప్లిఫయర్ ఎప్పుడు అవసరం? వైరింగ్‌లో ఏం చూసుకోవాలి?
– పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: హైవే మీద అద్దాలు ఎత్తినా చాలడం లేదనిపిస్తేనో, సెన్సిటివిటీ తక్కువున్న స్పీకర్లు ఇప్పటికే కొనేసి ఉంటేనో. స్పీకరు ఆర్‌ఎంఎస్‌కు దగ్గరగా, 4 ఓమ్‌ల దగ్గర ఛానెల్‌కు 50 వాట్ల ఆర్‌ఎంఎస్ ఇచ్చే నాలుగు ఛానెళ్లది చాలు. స్టీరియో ప్రీఅవుట్ (యాంప్‌కు పాట సిగ్నల్ పంపే సాకెట్) 2 వోల్టులైనా నడుస్తుంది, 4 ఉంటే స్పీకర్లలో వినిపించే ఇంజిన్ ఈల తక్కువ.

పవర్ వైరు నేరుగా బ్యాటరీ నుంచి రావాలి. 8 గేజ్ (వైరు మందం కొలత), అసలు రాగిది తీసుకోండి, అల్యూమినియం మీద రాగి పూత వేసినవి అదే మందంలో తక్కువ కరెంటు మోస్తాయి. బ్యాటరీకి అడుగున్నర లోపే ఫ్యూజు ఉండాలి, యాంప్ మీదున్న ఫ్యూజుల మొత్తమే దాని రేటింగ్. అది లేకుండా వైరు ఎక్కడైనా రేకుకు రాసుకుపోతే మంటే. ఎర్త్ కొట్టేచోట పెయింట్ గీకి మెరిసే రేకు కనిపించాలి. ఆర్‌సీఏ వైర్లు (స్టీరియో నుంచి యాంప్‌కు పాట సిగ్నల్ తెచ్చేవి) ఒక వైపు, పవర్ వైరు ఇంకో వైపు లాగించండి.

ప్రశ్న: వానాకాలంలో తలుపు స్పీకర్లు పాడవుతున్నాయి.
– పాఠకుడు, కాకినాడ

జవాబు: అద్దం రబ్బరు పక్క నుంచి తలుపులోకి నీళ్లు రావడం మామూలే, కింది రంధ్రాల నుంచి పోవాలి. స్పీకర్లు మార్చేటప్పుడు డోర్ ప్యాడ్ వెనక ప్లాస్టిక్ షీటు చింపేసి వదిలేశారేమో చూడండి, తిరిగి అతికించాలి. చెక్క పొట్టు ఎండీఎఫ్ రింగులు నీళ్లకు ఉబ్బి విరిగిపోతాయి, ప్లాస్టిక్ రింగులు వేయించండి. కోన్ కాగితందైతే మార్చేటప్పుడు పాలీప్రొపిలీన్‌ది అడగండి. డ్యాంపింగ్ షీటు వేసేవాళ్లు తలుపు అడుగు రంధ్రాలు మూసేయకుండా దగ్గరుండి చూసుకోండి.